రెండో తాళం

బండి పోయి పదకొండు రోజులు.
మలక్‌పేట గంజుల, ఉల్లిగడ్డ లారీల ఎనక,
నేను చాయ్ తాగినంత సేపట్ల.

ఇన్సూరెన్స్ పిలగాడు ఫోన్ల అంటడు:
"అన్నా, తాళాలు రెండూ జమ చెయ్యాలె."
ఒకటి నా జేబుల ఉంది.
ఇంకోటి బండ్లనే మరిచిన.
ఆ ముక్క నోటిదాక వచ్చి ఎనక్కి వోయింది.

నిన్న చలాన్ వచ్చింది నా పేరుకు.
ఆరాంఘర్ సిగ్నల్, రాత్రి రెండుంబావు.
ఫొటోల నా బండే.
ఎనకద్దం మీద చిన్నది అంటిచ్చిన సీతాకోకచిలుక.
కిటికీల ఎవనిదో మోచెయ్యి.

ఠాణాల రైటర్ నవ్విండు:
"దొరికింది గదా! ఫైన్ కట్టు."

వాడు ఎవర్నన్న గుద్దితే?
కాగితాల మీద ఆ మోచెయ్యి నాదే.

పొద్దూకినంక ఇంటి ముందట నిలవడి
జేబుల చెయ్యి వెట్టి తాళం నొక్కిన, అలవాటుకు.
గల్లీల ఏదీ కూయలే.