దొరికిందంటాడు డారిల్

డారిల్ పాస్కో ఈ కథ చెప్పినప్పుడల్లా
వాన కురుస్తుంది.
ఆ రోజు నేనూ ఉన్నాను. చుక్క పడలేదు.
హార్షమ్ దాటాక నాటిముక్ వైపు
గోధుమ కోసేసిన మోళ్ళు, ఎర్రదుమ్ము,
తీగ మీద బారుతీరిన గులాబీరంగు గలా పిట్టలు.
అంతే.

వాడి కథలో షెడ్డుకి తాళముంటుంది.
వాడు గునపం అడిగి తెచ్చి పెళ్ళగిస్తాడు.
తాళమూ లేదు, గునపమూ లేదు.
పాత ఇనప గేటు అమ్ముతారని ఎవరో అంటే
బేరమాడటానికి వెళ్ళాం.
మోకాలు పట్టేసి పక్కవాటుగా నడిచే మెర్ల్ క్లింగే,
ఎనభై రెండేళ్ళావిడ,
"షెడ్డు వెనక ఉంది, లోపల్నుంచి వెళ్ళండి,
కోళ్ళని తొక్కకండి" అంది.

గోతాల కింద, విరిగిన గంపల కింద,
గట్టిపడ్డ ఎరువు బస్తాల కింద
ఒక నుదురు.
నాలుగంగుళాలు కోసి దించిన పైకప్పు,
ఎండకి కళ్ళు చిట్లించిన మనిషిలా
సన్నటి ముందద్దం.
ముప్ఫైనాలుగు ఫోర్డు కూపే.

డారిల్ నోట మాట లేదు.
పదకొండేళ్ళ స్నేహంలో అదే మొదలు.
టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

బానెట్ ఎత్తాను.
మూడు కార్బ్యురేటర్ల నోళ్ళకి
జామ్ డబ్బా మూతలు, తీగతో బిగించి.
ఎనిమిది సిలిండర్ల చుట్టూ ఎలుకలు
ఊలు, ఊక, చిరిగిన ఎన్నికల కరపత్రం పోగేసి
ఒక ఊరే కట్టుకున్నాయి.
ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూశాను.
తుప్పు లేదు.
నూనె. తడిగా, కొత్తగా.

కొత్త కారు బానెట్ ఎత్తితే
కింద ఇంకో మూత ఉంటుంది.
దాని కింద నాకు పనిలేదని చెప్పే స్టిక్కరు.
ఇక్కడ ప్రతి బోల్టూ ఎవరో ఒక రాత్రి
నిద్ర మానుకుని తీసుకున్న నిర్ణయం.
నేను ముప్ఫయ్యేళ్ళుగా రేకు కొడుతున్నవాణ్ణి,
చెయ్యి చూస్తే మనిషి తెలుస్తుంది.
పైకప్పు అతుకు వెంట వేలు నడిపాను.
చీర అంచు కుట్టినంత సన్నటి వెల్డింగు,
ఎక్కడా తడబాటు లేదు, తొందర లేదు.

"రెగ్ పనితనం కదూ ఇది? మీ అన్నయ్య?" అన్నాడు డారిల్.
క్లబ్బు ఫొటోలో అతన్ని చూశాడట.
"రెగ్‌కి మేకు కొట్టడం రాదు" అంది మెర్ల్.
"నాన్న నాగళ్ళు అతికేవాడు.
టార్చి పట్టుకోవడం నాకు నేర్పాడు.
క్లబ్బులో ఆడవాళ్ళు చాయ్ కాచాలి, అంతే.
అందుకని రెగ్ పేరు రాయించాను.
రెగ్ టోపీ పెట్టుకున్నాను.
అరవై ఒకటి, మార్చిలో, ఒక శనివారం రాత్రి
రైలు గేటు నుంచి గోధుమ సైలోల దాకా
ఐదుగురితో."

"గెలిచారా?"

ఆవిడ కోడిగుడ్డు ఒకటి
వెనక సీటు స్ప్రింగుల మధ్య నుంచి తీసి
చెంగు లేని చేతులకి జేబే దిక్కన్నట్టు
కోటులో వేసుకుంది.
"లేకపోతే దాచిపెడతానా? అమ్మేదాన్ని.
ఆ తర్వాత పందేనికి ఎవరు మిగిలారు గనక."

మరి నూనె?
"చలికాలం మొదట్లో, ఒక్కో రంధ్రంలో ఒక చెంచా.
ఏటా. మీకు చెప్పలేదని ఆగిపోతుందా?"

డారిల్ ధర చెప్పాడు.
పెంచాడు.
ఇంకా పెంచాడు, వాళ్ళావిడకి తెలిస్తే
ఇంట్లోకి రానివ్వనంత.
మెర్ల్ విన్నట్టే లేదు.
"మీ ట్రక్కులో జాకీ ఉందా?" అంది.
"ముందు చక్రం కింద నేల కుంగుతోంది.
నాకు వంగడం కుదరట్లేదు."

జాకీ పెట్టాం. పలక జరిపాం.
తెచ్చిన గోతాలు మళ్ళీ కప్పాం,
ముఖం మాత్రం వదిలి.

ఇప్పటికీ ఎక్కడ నలుగురు చేరినా
దొరికిందంటాడు డారిల్.
అరవయ్యేళ్ళు ఎవరికీ తెలియకుండా పడుందంటాడు,
వాన పెంచుతాడు, ఈసారి ఉరుము కూడా కలిపాడు.
పోయిందని ఎవరన్నారురా అని అడగాలనుంటుంది.
అడగను.
ఆవిడే అంది ఒకసారి,
"వాన ఉండనివ్వు, మాకిక్కడ ఎలాగూ పడదు."

గేటు సంగతి
ఇద్దరం మర్చిపోయాం.