ఒగ్గీసిన చోటు

నాదీ రంగు పనే.
మెళియాపుట్టి దాటాక, క్వారీలో
కోసిన రాయి మీద ఎర్ర ఎనామిల్‌తో నంబర్లు వేస్తాను.
కొలత, తేదీ, కొన్నవాడి పేరులో మొదటక్షరం.
మూడేళ్లకి నా చెయ్యి
రెండు వేల నూట పద్నాలుగు దాకా వచ్చింది.

తాగునీళ్లకని వెళ్లాను ఆ ఇంటికి.
సవర లక్కాయి గోడకెదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు.
ఎర్రమన్ను అలికిన గోడ, కొబ్బరిచిప్పలో బియ్యప్పిండి,
నమిలి మెత్తచేసిన వెదురుపుల్ల.
పలకరిస్తే తల తిప్పలేదు.
జింక కాలు సగంలో ఉంది.

చుట్టూ గడి కట్టాడు. లోపల లోకం.
రెండు ముక్కోణాలు మొనలు కలిపితే మనిషి,
గీతకి దువ్వెన పళ్లొస్తే చెట్టు.
నెమలీ, పులీ, డప్పు కొట్టేవాడూ,
జీలుగు కల్లు దించేవాడూ
అందరిదీ ఒకటే ఎత్తు.

నడుమ మాత్రం
చాటంత చోటు, వట్టి మన్ను.
చీమల బారు నేరుగా వచ్చి
అక్కడ వంగి, చుట్టు తిరిగి, మళ్లీ నేరుగా పోతోంది.
ఏరూ అంతే.
చెట్ల వేళ్లు దాన్ని ముట్టకుండా ముడుచుకున్నాయి.

"ఇక్కడేటీ గియ్యలేదేటి తాతా?"
"ఒగ్గీసినాను."
"కొండ గియ్యొచ్చు కదా?"
"గీత్తే ఉన్నాదనుకుంతారు, పిల్లలు."

తెలుపు కూడా తెల్లగా లేదు.
బియ్యం కడిగిందే, రోలు కడిగిందే.
మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక
చిప్పలోకి దిగిన పొడిని ఆయన తియ్యలేదు,
వేలితో కలిపేశాడు.
కొండ బొమ్మలోకి వచ్చిన దారి అదీ:
జింక వీపు మీదుగా, నెమలి తోక మీదుగా,
మసకేసిన చంద్రుడి మీదుగా.

గడికి తూర్పు పక్క గీత కట్టలేదు.
జంతువుల మూతులన్నీ అటే.
ఆ తెరిచిన చోట, ఆఖర్న, ఒక మనిషి.
చేతిలో డబ్బా, కుంచె.
నెమలంతే ఎత్తు.
ఎవరని నేనడగలేదు.

నీళ్లు తాగి వెనక్కొచ్చాను.
రెండు వేల నూట పదిహేను
నా కోసం ఆగి ఉంది,
నున్నగా, ఎండకి వెచ్చగా, ఏదో పశువు డొక్కలా.
రెండు అంకె వేయబోతే
జింక మెడ వచ్చింది.
గుడ్డతో తుడిచి మళ్లీ వేశాను.

సాయంత్రం లారీ మీదికి ఎత్తుతున్నప్పుడు చూశాను,
నంబరు కింద
మెడ ఇంకా కనిపిస్తోంది.