పరుగు సంచి

రోహిణి కార్తెలో స్వెట్టర్లు మడత పెడుతున్నాను.
బ్రాడీపేట నాలుగో లైన్లో కరెంటు పోయి గంటయింది.
ఉన్ని చెమట వేళ్ళకి పట్టుకుని వదలడం లేదు.

యార్డుకి వేసవి సెలవులని
మస్తాన్ వలీ కొక్కెం కాటా తెచ్చిచ్చాడు.
కొక్కేనికి ఇంకా మిరప దుమ్ము.
పెట్టె తగిలించినప్పుడల్లా
ఐదుగురం వరసగా తుమ్ముతున్నాం.

మనిషికి ఇరవై మూడు కిలోలు.
కందిపప్పు, చింతపండు, ఇంగువ డబ్బాలు,
కెజియా నాలుగో తరగతి తెలుగు వాచకం,
ఓబేదుకి ఆయాసమొస్తే పీల్చే మందు, ఆరు నెలలకి.
కారం మాత్రం తక్కువే పెట్టాను.
అక్కడి వాళ్ళు తినే కారం ముందు
మన గుంటూరు కాస్త తల దించుకోవాలి.
"ఈ మాట మస్తాన్ ముందు అనకు" అన్నాడు ప్రభుదాసు.

ఎదురింటి కోమలి గారు గేటు పట్టుకుని అడిగారు,
"టీవీలో చూపించింది ఆ దేశమేనా?"
"ఇథియోపియానే. కానీ మా ఊరు కాదండీ."
మా ఊరు!
ఎంత సులువుగా నోట్లోంచి జారిందో.
ఆ కాల్పుల చోటుకీ మా క్వార్టర్సుకీ
ఇక్కణ్ణుంచి ఒంగోలంత దూరం.
అది చెప్పలేదు.

"వెళ్ళక తప్పదా?"
ఏం చెప్పను.
ఊరి బయటి ఇంజనీరింగు కాలేజీ
నాకు ఇంకా ఏడు నెలల జీతం బాకీ.
అక్కడ, తుపాకులు మోగిన వారంలో కూడా
పద్నాలుగు మంది ల్యాబుకొచ్చారు.
నేను వెళ్ళేసరికి పిపెట్లు కడిగి
గుడ్డ మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయి.

మా అత్త సుగుణమ్మ
ముప్పై ఏళ్ళు లూథరన్ బడిలో లెక్కలు చెప్పిన మనిషి.
ఈసారి నేనూ వస్తానంది.
ఎందుకత్తా ఈ వయసులో అంటే,
"పోయినేడు మీ ఫోన్లు ఆగిపోయిన పదకొండు రోజులూ
ఇక్కడ కూర్చుని లెక్కపెట్టాను, చాలు.
మీ పక్కనే ఉంటే లెక్కపెట్టక్కర్లేదుగా."
తన పెట్టె తనే సర్దుకుంది.
ఇరవై రెండు కిలోల తొమ్మిది వందలు.
మిగిలిన వందకి అల్లం మురబ్బా.

రాత్రి తొమ్మిదికి పెట్టెలన్నీ మూతపడ్డాయి.
ఇంకొకటి ఉంది.
కెజియా పాత బడి సంచి, జిప్పు బాగు చేయించాను.
అక్కడ తలుపు పక్కన మేకుకి వేలాడాల్సింది.
పరుగు సంచి అని ఓబేదు పెట్టిన పేరు.
అందులో పాస్‌పోర్టుల నకళ్ళు,
మేజోడులో మడిచిన డాలర్లు, టార్చి, ఖర్జూరాలు,
ఆ భాషలో మా ఐదుగురి పేర్లు రాసిన చీటీ.
రాసింది కెజియానే.
అక్షరాలు గుండ్రంగా లేవని
సుగుణమ్మ పెన్సిలు తీసి దిద్దబోయింది.

"నా ఏనుగు దేంట్లో?" అన్నాడు ఓబేదు.

పెట్టెలో పెడితే
అది అక్కడే ఉండిపోవచ్చు.
సంచిలో పెడితే
ఆ సంగతి వాడికి చెప్పినట్టే.
ప్రభుదాసు మాట్లాడకుండా
గుడ్డ ఏనుగుని కొక్కేనికి తగిలించాడు.
ముల్లు కదల్లేదు.
"దీనికి బరువే లేదురా" అని
సంచిలో వేసేశాడు.

కెజియాకి బూట్లు తొడిగించాను.
సంచి పట్టీలు బిగించాను.
పద్నాలుగో అడ్డరోడ్డు దాకా పరుగెత్తి రా అన్నాను.
ఎందుకని అడగలేదు.
నేను మనసులో లెక్కపెడుతున్నాను,
సుగుణమ్మ పైకే లెక్కపెడుతోంది.
మూల మీద పునుగుల బండి అతను
"పందెమా పాపా?" అని కేకేశాడు.

డెబ్భై ఒకటి దగ్గర వెనక్కొచ్చింది.
జుట్టంతా తడి, ఒకటే నవ్వు.
"బరువుందమ్మా" అంది.

మెట్టు మీద కూర్చుని జిప్పు తీశాను.
చీటీ కాదు. టార్చి కాదు. ఏనుగు కాదు.
నీళ్ళ సీసా తీసి సగం పారబోశాను.
గచ్చు వేడికి ఆ తడి
నేను మూత బిగించేలోపే ఆరిపోయింది.

తలెత్తి చూస్తే
కెజియా అప్పటికే వీధిలో
ఒక కాలు ముందుకేసి నిలబడి ఉంది.