పన్నెండు టన్నుల చీకటి

పొట్టి గడ్డి మైదానం మీద
నిలువెత్తు తొట్టె.
లోపల పన్నెండు టన్నుల నీళ్లు,
మూత వేసినప్పటి నించీ
ఎవరూ ముఖం చూసుకోని నీళ్లు.

ఇలాంటివి వెయ్యికి పైనే, అరకోసుకొకటి,
మెండోజాకి దక్షిణాన
ఆండీస్ నీడ పడీ పడని చోట.

వాటి దగ్గరికి వెళ్లడం నా పని.
బ్యాటరీ మార్చడం,
సౌరఫలకం మీద రెట్టలు తుడవడం,
మేకలు ఒళ్లు రుద్దుకుని వదులు చేసిన తీగను బిగించడం.
విశ్వవిద్యాలయం కాగితాల్లో దీని పేరు
"అత్యధిక శక్తి గల ఖగోళ వస్తువుల అధ్యయనం".
పెట్రోలు బంకులో దామ్యాన్‌కి మాత్రం
నేను కుళాయిల మనిషిని.

జూన్ పదకొండు. మంచు గట్టిగా పేరుకున్న వేకువ.
నాలుగు దాటి ఏడు నిమిషాలు.
పద్నాలుగు తొట్లలో
చీకటి ఒక్కసారి తుళ్లిపడింది.
కన్ను ఉండి ఉంటే నీలం అనేది.
కన్ను అందుకునేలోపు అయిపోయేది.

వచ్చింది ఒక్కటే.
గాలిపొరలకి తగిలి పగిలి, పిల్లల్ని పెట్టి,
ఆ పిల్లలు పిల్లల్ని పెట్టి
కోట్ల సంతానంతో నేల దిగింది.
దాని బలం లెక్క కట్టాను. మూడుసార్లు.
కిలో ఇటుక
ఛాతీ ఎత్తు నించి కాలి మీద పడితే ఎంతో
అంతా
ధూళిలో ధూళి కన్నా చిన్నదానిలో.

ఇటుకకైతే బట్టీ ఉంటుంది.
దీన్ని కాల్చిన బట్టీ ఏది?
నల్లబిలం చుట్టూ తిరిగే మంటా?
చచ్చేముందు చుక్క విసిరిన ఆఖరి రాయా?
వచ్చిన దిక్కుకి గీత గీసుకుంటూ పోయాను.
అక్కడేమీ లేదు.
పట్టికలన్నీ తిరగేశాను, లేదంటే లేదు.
ఊరు లేని దారి.

సమీక్షకుడు రాశాడు:
"మూలం చూపనంతవరకు ఈ అధ్యాయం అసంపూర్ణం."
ఆరు నెలలు ఆ ఒక్క వాక్యంతో కాపురం చేశాను.

మూడువందల పన్నెండో తొట్టె కంచె పక్కనే
ఎలీసియో ఫోర్కెరా మేకల దొడ్డి.
మాతే కషాయం బుర్ర నా చేతికిచ్చి
"మీ నీళ్లు ఇవాళ ఏం తాగాయి?" అంటాడు ఎప్పుడూ.
ఆ రోజు దాచలేదు, చెప్పేశాను.
తూర్పు నించి ఒకటి వచ్చిందని,
తూర్పున ఏమీ లేదని.

అతను నవ్వలేదు.
నిప్పుల మీద కెటిల్ కాస్త జరిపాడు.
"నిరుడు సోండా గాలి కొట్టిన రోజు
ఓ మేక తప్పిపోయింది.
మూడో పొద్దుకి తూర్పు నించి వచ్చింది.
తూర్పున నాకెవరూ లేరు, దానికీ లేరు.
గాలికి మొహం తప్పించుకుంటూ, తప్పించుకుంటూ
అట్లా చుట్టుతిరిగి వచ్చింది.
వచ్చిన దిక్కే పుట్టిన దొడ్డా ఏమిటి, దొక్తోరా?"

కషాయం నాలుక కాల్చింది.

చుక్కల మధ్య అయస్కాంతపు గాలి
ముందు నించీ నా సమీకరణంలో ఉంది.
నాలుగో పదం. చిన్న అక్షరం.
విలువ తక్కువని నేనే కొట్టేశాను.
ప్రోటాన్ అనుకున్నాను కదా,
అంత వేగంలో అది పెద్దగా వంగదు.
ఇనుము అయితే?
ఒంటి నిండా బరువు మోస్తూ
ప్రతి గాలికీ ఒరుగుతూ వచ్చిన ఇనుము అయితే?

ఆ రాత్రి కొట్టేసిన పదాన్ని
మళ్లీ పిలిచి కూర్చోబెట్టాను.
గీత వంగింది.
ఎక్కడికి అని అడగకండి.
సగం ఆకాశం ఇప్పుడు అనుమానితుల జాబితాలో ఉంది.
అధ్యాయం ఇదివరకటికన్నా అసంపూర్ణం,
కాకపోతే ఈసారి నిజంగా.

కృతజ్ఞతల్లో
బ్యాటరీల కంపెనీకీ నిధుల సంఖ్యకీ మధ్య
అతని పేరు రాశాను.
సంపాదకుడి ఉత్తరం నిన్న వచ్చింది:
"ఇ. ఫోర్కెరా గారిది ఏ సంస్థ?"

జవాబు ఇంకా రాయలేదు.
మూడువందల పన్నెండు దగ్గర
తీగ మళ్లీ వదులైందట.