నాలుగు బై పద్నాలుగున్నర

ఆదివారం రాత్రి, కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో
తూకం చీటీల వెనకవైపు నేను ఇళ్లు గీస్తాను.
మనుషులకు కాదు.
నీడ పడనివాళ్లకు, అద్దంలో ఆలస్యంగా కనిపించేవాళ్లకు.
మా ఆటలో వాళ్లని సన్నజనం అంటాం.
గుంటూరులో ఇంకేమంటాం?

మొదటి ఇల్లు మిరపకాయలో.
ఎండుకాయని చెవి దగ్గర ఊపితే గలగలమంటుందే,
అవి గింజలు కావు,
లోపల ఎవరో సామాన్లు సర్దుకుంటున్నారు.
తొడిమే తలుపు.
ఎదురుగా ఎండ పడితే గోడలన్నీ దీపం.
లోపలికి పోవాలంటే
తుమ్మకుండా వంద లెక్కపెట్టాలి.

"మరి వాళ్లు తుమ్మరా?" అంది ప్రిస్కిల్లా.
పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు, ఆటలో మంత్రగత్తె.
తుమ్ముతారు.
యార్డులో టిక్కీల వెనక, మనిషి లేని చోట తుమ్ము వినపడితే
చిరంజీవ అనకుండా దాటిపోకు.

రెండో ఇల్లు రైలు పోయాక వంతెనలో మిగిలే వణుకు.
వణుకు ఆగితే ఇల్లు లేదు.
అది ఎవరికీ నచ్చలేదు.
"పడుకునేదెట్టా?" అన్నారు.
చీటీ నలిపి పారేశాను.

మూడోదానికి మాత్రం నెల పట్టింది.
బ్రాడీపేట అంటే గ్రాఫ్ కాగితం కదా,
నిలువునా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు,
నాలుగు బై పద్నాలుగు అంటే చాలు
ఆటో అతను ఇంకో మాట అడగడు.
నేను పద్నాలుగుకీ పదిహేనుకీ నడుమ
ఒక అడ్డరోడ్డు దూర్చాను.
చెప్పు తెగినవాడికే అది కనపడుతుంది.
చివర్న మేడ.
గంజి పెట్టి ఆరేసిన వెన్నెల దాని గోడలు.
గదికొక వాసన కాపలా,
ఒకచోట తడిసిన సుద్దముక్క, ఒకచోట గోంగూర తిరగమోత.
ట్యూషన్ పిల్లలు మరిచిపోయిన ఎక్కాలతో పైకప్పు నేశారు,
పదిహేడో ఎక్కం దగ్గర కురుస్తుంది.

మస్తాన్‌వలీ ఆటలో దొంగ.
తాళాలు, పెట్టెలు, నేల కింద గదులు, ఇవే అతని ప్రశ్నలు.
ఆ రాత్రి మేడ ముందు నిలబడి
"టులెట్ బోర్డు ఉందా?" అన్నాడు.
నవ్వాం.
అతను నవ్వలేదు.
"ఉంది" అన్నాను.
"పేరు అడుగుతారా?"

ఈ నెలలో పదకొండు గుమ్మాలు ఎక్కాడు.
పేరు చెప్పేదాకా గచ్చు చూపిస్తారు, గాలి చూపిస్తారు,
చెప్పాక,
నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ.
బోర్డు మాత్రం ఇప్పటికీ వేలాడుతూనే ఉంది.

సన్నజనం పేరు అడగరు.
ఒకరి పేరు చేతికొస్తే ఆ మనిషే చేతికొస్తాడు,
అందుకని అడగటమే వాళ్లలో తప్పు.
పోయినేడు మిమ్మల్ని భయపెట్టడానికి రాసిన నియమం అది.
చదువుతుంటే గొంతు ఎందుకో జీరబోయింది.

"ముందు పాచిక వెయ్యమను" అన్నాడు హేమసుందరం.
ఆడిటరు దగ్గర గుమాస్తా, దేవుడికైనా రసీదు అడిగే రకం.
ఇరవై ముఖాల పాచిక
గోనె పట్టా మీద దొర్లి దొర్లి
మూడు.
పన్నెండు పడాలి.
"తలుపు తెరుచుకోదు" అన్నాడు.
చెప్పినందుకు తనే తల దించుకున్నాడు.

మస్తాన్ ఏమీ అనలేదు. కాలు చాపాడు.
పిన్నీసు మీద నిలబడ్డ చెప్పు పట్టీ.
"తెగినవాడికే కదా?"

ప్రిస్కిల్లా నా వైపు చూసింది.
హేమసుందరం నియమాల పుస్తకం తిరగేశాడు,
మళ్లీ తిరగేశాడు,
మూసేశాడు.

గోడ అవతల కంప్రెసరు మూలుగుతోంది.
నేను ఇంకో చీటీ తీసి
మేడ మీద, కురవని వైపు,
ఒక గది గీశాను. కిటికీ పెట్టాను.

వలీ వంగి చూసి
"కుళాయి ఎన్నింటికొస్తుంది?" అన్నాడు.