మూడో మడత

దగ్గొద్దు, అంటుంది సతుర్నీనా.
నా ఊపిరికే గుడ్డ ఎగిరిపోతుందని
ఆమెకి నాకంటే ఎక్కువ భయం.

ఇకా పట్నానికి అవతల, ఇసుకలో,
కుండలో కుక్కి దొరికింది ఈ అంగీ
వేరుశనగ తొక్కల మధ్య.
విప్పడానికి పదకొండు రోజులు పట్టింది.
బలంతో కాదు, ఆవిరితో.
తడి అందకపోతే పోగు విరుగుతుంది
ఎక్కువైతే రంగు పారుతుంది
ఆ రెంటికీ మధ్య ఉన్న ఇరుకులో నా ఉద్యోగం.

పన్నెండో రోజుకి తెలిసింది, పసివాళ్లదని.
మూరెడు లేదు.
పడుగు పత్తి, పేక అల్పాకా ఉన్ని.
ఎరుపు ఇంకా ఎరుపే.
నలుపు మాత్రం తన పోగుని తనే తినేసి
పొడిపొడిగా రాలుతోంది.
రాలినదాన్నీ కవర్లో పోసి
నంబరు వేస్తాను.

భూతద్దం కింద, అన్ని పోగులకీ ఒకటే పురి.
అంచున ఒక్క వరస ఎడమకి తిరిగింది.
"పొరపాటు" అని రాశాను.
సతుర్నీనా చీపురు గోడకి ఆనించి వచ్చి చూసింది.
వాంకవెలికా కొండల్లో వాళ్లమ్మ కూడా
చూలాలికీ, దూరం వెళ్లేవాళ్లకీ, పిల్లలకీ
అంచులో ఎడమ పురే వేసేదట.
కీడు దాని వెంట పోయి దారి తప్పుతుందట.
కొట్టేశాను.

చంక కింద ఒక రఫు. దరిద్రమైన రఫు.
వేరే చెయ్యి. తొందర. దీపం కూడా లేదేమో.
నేసినామె చూసుంటే తిట్టిపోసేది.
నాకు చెయ్యి దురద పెట్టింది
కానీ దాన్ని సరిచేసే హక్కు లేదు.

నడుము దగ్గర మడతలు, ఎదిగే ఒంటి కోసం దాచిన గుడ్డ.
మొదటిది విప్పేశారు, సూది బెజ్జాల వరస మిగిలింది.
రెండోదీ విప్పారు, అక్కడో పట్టీ
ఎండ ఎరగని ఎరుపు.
మూడోది కుట్టింది కుట్టినట్టే ఉంది.

డైరెక్టర్ ఒలావేచియా తొంగి చూసి అన్నాడు
అదీ విప్పు, ఫోటోకి అసలు రంగు వస్తుంది.
"కుట్టు ప్రాచీనం, కదపరాదు"
అని ఫైల్లో రాసిచ్చాను.
అది నిజమే, నా కారణం మాత్రం అది కాదు.

సాయంత్రం గాలి లేచింది. కిటికీ సందుల్లో ఇసుక.
దీపం ఆర్పబోతూ సతుర్నీనా
అంగీ మీద, తాకకుండా, జానలతో కొలిచింది.
మా చిన్నదానిదీ ఇంతే ఉండేది, అంది.

వయసు గడిలో రాశాను: తెలియదు.
పక్కన పెన్సిలుతో, లేతగా:
అయిదో ఏడు నడుస్తోంది.