తొందరేం లేదు

హికరీ ఊరు, ఉత్తర కరొలైనా. రెండువేల ఏడు, నవంబరు.
ఉపాధి కార్యాలయంలో నాలుగో బల్ల నాది.
బల్లమీద స్టేప్లరు, కన్నీళ్ళకని ప్రభుత్వం కొన్న టిష్యూ డబ్బా,
చిన్న గిన్నెలో పిప్పరమెంట్లు.
పిప్పరమెంట్లే ముందు అయిపోతాయి.

డోయల్ సెట్జర్ కుర్చీ చూపిస్తే కూచోలేదు.
జేబులోంచి ఒక మేజోడు తీసి నా చేతిలో పెట్టాడు.
"లోపలికి వేలు పెట్టి చూడు, వేళ్ళ దగ్గర కుట్టు తగుల్తుందా?"
తగల్లేదు.
"అల్లిక నా మిషనుది, కుట్టు లోరీన్‌ది.
ఇరవయ్యారేళ్ళు," అన్నాడు, "ఎవరి కాలికీ తగల్లేదు."

దరఖాస్తులో ఒక గడి ఉంటుంది:
మీరు తయారుచేసిన వస్తువు ఏమిటి?
దాని కిందే ఇంకోటి: ఆ పని ఇప్పుడు ఎక్కడికి పోయింది?
అది అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు?
నలభైరెండు మిషన్లకి మరలు విప్పింది అతనే.
దారిలో దెబ్బతినకుండా పెట్టెల్లో
జత కుదరని సాక్సులు కూరాడట.
పెట్టె పెట్టెకీ సుద్దముక్కతో హోండూరస్ అని రాశాడు.
మొదటి పెట్టెమీద ఒక అక్షరం తప్పుపోతే
చెరిపి మళ్ళీ రాశాడు.
పనివాడు కదా.

అల్లిక ముందు వెళ్ళిపోయింది, అల్లినవాడితో సహా.
కుట్టూ, జతలూ ఇంకో ఏడాది ఇక్కడే కొనవూపిరితో ఉన్నాయి.

అర్జీకి మూడు సంతకాలు కావాలి. రెండు చాలవు.
మొదటిది డోయల్‌ది, ఆగస్టు ఇరవై ఎనిమిది.
రెండోది పా హువా శాంగ్, జతలు కలిపే ఆవిడ.
ఏజెన్సీ మనిషిని, నా పేరు చెల్లుతుందా అని
ముందు పెన్సిలుతో రాసింది, తర్వాత పెన్నుతో దిద్దింది.
మూడోది లోరీన్ సిగ్మన్.
ఆమెకి ఆఖరి చెక్కు ఇంకా రావాలి.
తన పేరు కంటపడితే యజమాని ఆపేస్తాడేమోనని
ఇవాళ కాదు రేపు, రేపు కాదు సోమవారం.
కాయితం డోయల్ ట్రక్కులో, పాత మ్యాపుల కింద,
పదిహేను రోజులు పడుకుంది.

వాషింగ్టన్‌కీ ఒక పంచాంగం ఉంది.
మన సిద్ధాంతి వర్జ్యం ముందే చెప్తాడు,
అది పని చెడ్డాక చెప్తుంది.
అర్జీమీది తారీఖుకి సరిగ్గా ఏడాది వెనక్కి ఒక గీత.
గీతకి ఇవతల ఉద్యోగం పోయినవాళ్ళకి
చదువు, వారం వారం భత్యం, బీమాకి కొంత సాయం.
గీత సెప్టెంబరు పన్నెండు.
అతన్ని ఇంటికి పంపింది సెప్టెంబరు ఒకటి, శుక్రవారం.
పదకొండు రోజులు.
నేను వేళ్ళమీద రెండుసార్లు లెక్కపెట్టాను,
కాలిక్యులేటరు పక్కనే ఉంది.

"లోరీన్‌ని ఏమనకు," అన్నాడు వెళ్తూ.
నేనెందుకంటాను?

ఆగస్టు చివర్లో ఎవరో ఫోన్ చేశారు.
వెనకాల ట్రక్కు ఇంజను చప్పుడు.
ఈ కాయితానికి గడువేమైనా ఉందా అమ్మా, అని.
నా మధ్యాహ్నం అన్నం మైక్రోవేవ్‌లో తిరుగుతోంది.
తొందరేం లేదు, అన్నాను, నిదానంగా తెండి.
మీ పని ఎప్పుడు పోయిందని అడగలేదు.
ఆ గొంతు నాదని అతనికి గుర్తులేదు.
నేను చెప్పలేదు.

డిసెంబర్లో లోరీన్ వచ్చింది,
యాభైయెనిమిదేళ్ళకి పళ్ళ డాక్టరు బిల్లులు రాయడం నేర్చుకుంటోంది.
నా భత్యంలో సగం డోయల్‌కి మార్చవచ్చా, అంది.
అలాంటి గడి ఏ దరఖాస్తులోనూ లేదు.
అయినా వెతికినట్టు మూడు పేజీలు తిప్పాను.

ఇప్పుడు ఫోనెత్తితే పేరు అడగను,
బాగున్నారా అననివ్వను,
ముందు తారీఖు చెప్పండంటాను.
నాలుగో బల్ల ఆవిడ మహా కటువని
ఊళ్ళో అనుకుంటారట.